రోజుకు రెండు గంటలు జాగ చేసిన మనిషి

మా పెద్దబాపు పోయారన్న కబురు అందినప్పుడు నేను నంగునూరులో ఒక బడి గోడకు నిచ్చెన వేసుకుని ఉన్నాను. ముందురోజు గాలివానకు ఆ బడి ఇంటర్నెట్ తీగ తెగింది. దాన్ని అతికిస్తుండగా ఫోన్ మోగింది. అవ్వ, అదే మా అమ్మ.

"బిడ్డా, పెద్దబాపు పోయిండు. చాయ్ తాగిండు, గట్లనే కుర్సీల ఒరిగిండు."

ఫోన్ పెట్టేసి మిగిలిన రెండు అతుకులు వేశాను. లైను వచ్చిందో లేదో చూశాను. అప్పుడు దిగాను. చేతులు ఎందుకు ఆగలేదో నాకే తెలియదు. దిగాక నిచ్చెన పట్టుకుని నిలబడి ఏడ్చాను. బడి పంతులమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, పక్కన నిలబడింది.

ఆయన నాకు సొంత పెద్దబాపు కాదు. సిద్దిపేటలో మా ఎదురింటి మనిషి. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మా నాయిన మహారాష్ట్రలోని భివండిలో మగ్గాల మీద పనిచేస్తూ ఏడాదికి రెండు సార్లు ఇంటికి వచ్చేవాడు. అందుకని నా చిన్నతనంలో బడి కాగితాల మీద సంతకాలు తప్ప మిగతా పెద్దరికమంతా ఎదురింటి నుంచే వచ్చేది. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. ఆ మాట వాళ్లు ఎప్పుడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

నేను డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఒక ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఆఫీసులో చేరాను. ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం నా పని. "మేడం, నెట్ వస్తలేదు" అని పొద్దంతా వినడం, కాగితం మీద రాసి టెక్నీషియన్‌కు ఇవ్వడం. రెండేళ్లు అలా గడిచాక, ఆ కాగితం అందుకునే మనిషిని నేనే ఎందుకు కాకూడదనిపించింది. మా మేనేజర్‌ను అడిగాను. నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష పాసై రా, అప్పుడు చూద్దాం అన్నాడు. ఆడపిల్ల అంతదాకా రాదులే అన్న ధీమా ఆయన గొంతులో వినిపించింది.

ఆ ఆదివారమే పెద్ద అట్ట మీద టైంటేబుల్ గీశాను. రోజుకు ఆరు గంటల చదువు. రంగురంగుల గళ్లు. గోడకు అంటించాను. నాలుగో రోజుకే అది గోడకు అందం తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది. పెద్దబాపు ఏదో పని మీద మా ఇంటికి వచ్చి, దాని ముందు నిలబడి చాలాసేపు చదివారు.

"బిడ్డా, గిండ్ల నువ్వు అన్నం ఎప్పుడు తింటవ్?"

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"బట్టలెప్పుడు పిండుతవ్? అవ్వకు మోకాళ్లు నొస్తే దవాఖానకు ఎప్పుడు తీస్కపోతవ్? గిది నీ దినం గాదు. పనిపాట లేనోళ్ల దినం."

చించెయ్యమని మాత్రం అనలేదు. చొక్కా జేబులోంచి మడిచిన క్యాలెండర్ కాగితాలు తీశారు. అయిపోయిన నెల కాగితాలను పారెయ్యకుండా, వెనకవైపు రాసుకోవడం ఆయన అలవాటు. నాకు నాలుగు ఇచ్చారు. "ఒక్క వారం ఏం చదవకు. పొద్దున లేసినకాడికెళ్లి పండుకునేదాక ఏ గంట ఎట్ల పోయిందో రాయి. ఫాల్టు ఎక్కడుందో చూడకుంట తీగ మార్చుడు ఏం పని?"

రాశాను. వారం తిరిగేసరికి ఆ కాగితాలు ఆయనకు చూపించడానికి సిగ్గేసింది. రోజుకు గంటన్నర ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాను. పొద్దున్నే మెలకువ వచ్చినా ఏం చేయాలో తెలియక ముప్పావుగంట మంచం మీదే దొర్లుతున్నాను. పెద్దబాపు కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివి, "సిగ్గేంది? ఫాల్టు దొరికింది గద" అన్నారు.

ఆయన అరుగు మీద కూర్చుని ఇద్దరం కొత్తగా రాసుకున్నాం. పొద్దున ఐదు నుంచి ఆరు దాకా కొత్త పాఠం. మధ్యాహ్నం ఆఫీసులో తిన్న తరువాత అరగంట, లెక్కలు. సాయంత్రం ఏడింటికి అరగంట, పొద్దున చదివింది ఆయనకు చెప్పడం. ఆదివారం కొత్తది ముట్టుకోవద్దు. వారంలో ఏ రోజు తప్పిందో ఆ రోజుది మాత్రమే చదవాలి. "టైం దొరుకుతదని చూస్తే దొరకది. ఉన్న దినంలనే దానికి జాగ చెయ్యాలె" అనేవారు. "పొద్దుగాల లేసుడు ఒక్కటే సాలది. లేసినంక ఏ పేజీ తియ్యాలెనో పండుకునేముందే తెలిసుండాలె" అని కూడా అనేవారు. ఈ రెండో మాట నాకు ఇప్పటికీ పనికొస్తుంది.

సాయంత్రపు అరగంటే అన్నిటికంటే కష్టం. ఆయన పదో తరగతి దాకా చదివారు. రాగి తీగల గురించి తెలియంది లేదు కానీ, కంప్యూటర్ ఎప్పుడూ ముట్టలేదు. నేను ఇంగ్లీషు మాటలు గడగడా అప్పజెబితే చెయ్యి అడ్డం పెట్టేవారు. "నాకు సమజయ్యేటట్టు చెప్పు. నాకు సమజు గాలేదంటే నీకు గూడ గాలేదన్నట్టే."

ఒకరోజు సబ్‌నెట్టింగ్ చెప్పాల్సి వచ్చింది. ఒక పెద్ద నెట్‌వర్క్‌ను చిన్న చిన్న భాగాలుగా విడగొట్టే పద్ధతి. "ప్రతి కంప్యూటర్‌కు ఒక నంబర్ ఉంటది పెద్దబాపూ. దాంట్ల ముందు భాగం వాడ పేరసొంటిది, ఎనక భాగం ఇంటి నంబరసొంటిది" అన్నాను.

"మరి వాడ పేరు ఏడిదాక, ఇంటి నంబరు ఏడికెళ్లి?"

సరిగ్గా అదే నాకు తెలియదు. "రేపు చెప్త" అని లేచాను. మరునాడు ఏదో చెప్పి దాటేశాను. ఆయనకు తెలిసిపోయింది. "ఇంక జర సూడు" అన్నారంతే. నేను చూడలేదు. పరీక్షలో సరిగ్గా అక్కడే దెబ్బతిన్నాను. హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని రాసిన పరీక్ష, ఫెయిలని అక్కడే తెరమీద చెప్పేసింది.

పది రోజులు ఎదురింటి వైపు వెళ్లలేదు. పదకొండో రోజు పెద్దబాపే వచ్చారు. మా గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని, నాతో ఎన్నడూ చెప్పని సంగతి చెప్పారు.

"డిపార్ట్‌మెంట్ల ప్రమోషన్ పరీక్ష ఉండె బిడ్డా. మూడు సార్ల ఫారం నింపిన. మూడు సార్ల హాల్‌టికెట్ వచ్చింది. ఒక్కపారి గూడ పోలే."

"ఎందుకు పోలే?"

"చదువు పూర్తి గాలేదని. మొత్తం చదివినంకనే పోదామని. గది ఎన్నడు పూర్తయితది? నాతోని చేరినోళ్లు ఆఫీసర్లయిన్రు. నేను స్తంభం మీదనే ఉన్న." ఆయన నా వైపు చూడకుండా నేల చూస్తూ అన్నారు. "నువ్వు పోయినవ్. ఫెయిలయినవ్. నేను ఆడిదాక గూడ పోలే."

లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చాను. ఆ సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మధ్యాహ్నం అరగంటలో రోజుకు పది సబ్‌నెట్టింగ్ లెక్కలు చేశాను. సాయంత్రం ఆయన నంబర్లు చెబితే, వాడ పేరు ఎక్కడ ఆగుతుందో నేను గీత గీసి చూపించాను. మూడు వారాలకు ఆయనే నాకంటే ముందు జవాబు చెప్పిన రోజు ఒకటి వచ్చింది. పెద్దమ్మ లోపలి నుంచి "ఇగ నువ్వే రాయి పరీక్ష" అని అరిచింది.

రెండోసారి పరీక్షకు పన్నెండు రోజులుందనగా ఆయనకు ఆయాసం ఎక్కువై దవాఖానలో చేర్పించారు. గుండె బలహీనపడిందన్నారు. నేను మంచం పక్కన కూర్చుని, పరీక్ష వాయిదా వేసుకుంటానని చెప్పాను. ఆయనకు నా మీద కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఏసుకుంటె ఏసుకో. నా పేరు మీద ఏసుకోకు."

సాయంత్రపు అరగంట దవాఖానకు మారింది. ఏడింటికి పుస్తకం లేకుండా వెళ్లి ఆ రోజు పాఠం చెప్పేదాన్ని. కొన్నిసార్లు సగంలోనే నిద్రపోయేవారు. నేను ఆపకుండా చివరిదాకా చెప్పి లేచేదాన్ని. ఒకరోజు నర్సు, "ఆయన పండుకున్నడు గదమ్మా, ఎవరికి చెప్తున్నవ్?" అంది. కళ్లు తెరవకుండానే ఆయన అన్నారు, "నాకే. జర మెల్లగ మాట్లాడు సిస్టర్, పాఠం నడుస్తుంది."

పాసయ్యాను. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా ఎదురింటికే వెళ్లాను. అప్పటికి ఆయన్ను ఇంటికి తెచ్చారు. పరీక్ష ఫలితం కాగితం చాపితే చేతులు తువ్వాలకు తుడుచుకుని అందుకున్నారు. ఒక్కో ఇంగ్లీషు అక్షరం మీద వేలు పెట్టి నా పేరు కూడబలుక్కుని చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. తరువాత గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆయన భుజాలు కదులుతుంటే పెద్దమ్మ నన్ను మెల్లగా వంటింట్లోకి తీసుకుపోయింది.

నెల తిరగకముందే మేనేజర్ నన్ను టెక్నీషియన్‌గా మార్చాడు. నేను లైన్ల మీద తిరిగిన మొదటి ఎనిమిది నెలలూ పెద్దబాపు బతికి ఉన్నారు. రోజూ సాయంత్రం ఏ ఊరు పోయానో, ఏ ఫాల్టు దొరికిందో అడిగేవారు. ఆయన నాకు నెట్‌వర్కింగ్ నేర్పలేదు. ఆయనకు అది రాదు. నా దినంలో నాకు రెండు గంటలున్నాయని మాత్రం చూపించారు. అవి నావేనని, ఎవరినీ అడగక్కర్లేదని చెప్పారు. నాకు అంతకుముందు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఆయన పోయిన నాడు సాయంత్రం పాడె లేచింది. ముందు డప్పులు, వెనక మా వాడ జనం, ఆయనతో పనిచేసిన ముసలి లైన్‌మన్లు నలుగురు. సందు మలుపు దగ్గర అందరూ ఆగిపోయారు. గాలివానకు ఒక ఇంటి మీది టీవీ, ఇంటర్నెట్ తీగల కట్ట జారి, దారికి అడ్డంగా మనిషి తల ఎత్తున వేలాడుతోంది. ఎవరో కోసేయమన్నారు. ఎవరో వెనక్కి తిరిగి వేరే దారిన పోదామన్నారు. నేను వెనక్కి మా ఇంటికి పరుగెత్తి బట్టలు ఆరేసే పంగల కర్ర తెచ్చాను. పంగలో తీగలను పట్టి రెండు చేతులతో పైకెత్తాను.

"దించకు బిడ్డా, గట్లనే పట్టు" అన్నాడు ముసలి లైన్‌మన్ ఒకాయన.

పాడె తీగల కిందినుంచి పోయింది. ఒక బంతిపువ్వు తీగకు తగిలి నా పాదాల మీద రాలింది. జనం మలుపు తిరిగారు. డప్పుల చప్పుడు దూరమైంది. సందులో ఎవరూ లేరు. నేను ఇంకా ఆ తీగలను ఎత్తే పట్టుకుని నిలబడి ఉన్నాను.