లేపొద్దు

మా ఉదయగిరిలో ఎవరైనా పడితే మొదట వినపడే మాట "లేపండి". పడ్డవాణ్ణి పడ్డచోటే ఉండనిస్తే మనం మనుషులమే కాదన్నట్టు, నలుగురు చంకల్లో చేతులేసి లేపుతారు, కూర్చోబెడతారు, చెంబెడు నీళ్లు తాగిస్తారు. అంత మంచివాళ్లం.

మా నాయననూ అలాగే లేపాం. చింతకాయలు రాలగొడుతుంటే కొమ్మ విరిగి పడ్డాడు. ఇద్దరు చంకలు పట్టారు, నేను కాళ్లు పట్టుకున్నాను. ఆటో సీట్లో మడిచి కూర్చోబెట్టి ఆత్మకూరు తీసుకుపోయాం. డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎవరు లేపారు?" నాయన మళ్లీ నడవలేదు. పడినందుకో, లేపినందుకో ఎవరూ తేల్చి చెప్పలేదు. నేను మాత్రం తేల్చేసుకున్నాను.

తర్వాత ఒకసారి, మేం చెక్క గరిటెలు చేసే షెడ్డుకు ఒక నర్సమ్మ వచ్చి ప్రథమ చికిత్స చెప్పింది. కాలితే పేస్టు పూయొద్దు, నీళ్ల ధార కింద పెట్టండి అంది. తలకు దెబ్బ తగిలినవాడు మత్తుగా ఉంటే నిద్రేలే అనుకోవద్దంది. అందరూ ఆవులించారు. వెన్నెముక దగ్గరికి వచ్చేసరికి నేను ఆమెను ఆపి మూడుసార్లు చెప్పించుకున్నాను.

మొన్న ఎండాకాలం మా చిన్నాయన కొడుకు షెడ్డు మీద రేకు మారుస్తూ జారి వెల్లకిలా పడ్డాడు. జనం మూగారు. నేను వాడి తల దగ్గర కూలబడి, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఎవుడన్నా ముట్టుకుంటే ఉలితో పొడుస్తా!"

చేతిలో ఉలి లేదు. అయినా ఆగారు.

"నీళ్లడగతా ఉండాడు వదినా! నీకు గుండె లేదా?" అని వాడి పెళ్లాం ఏడ్చింది.

"లేదు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. కాలి వేళ్లు కదిలించరా."

కుడి బొటనవేలు కదిలింది. అది చూశాక ఎవరెన్ని తిట్టినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అంబులెన్సు వచ్చి వాణ్ణి పలక మీద కట్టి ఎక్కించేదాకా చేతులు తీయలేదు. ఆస్పత్రిలో మళ్లీ అదే ప్రశ్న.

"ఎవురూ లేపలా," అన్నాను గట్టిగా.

వెన్నుపూస చిట్లిందన్నారు. నెలల తరబడి మంచమే. తర్వాత నడుముకు బెల్టు పెట్టుకుని నాయనను చూడ్డానికి వాడే నడుచుకుంటూ వచ్చాడు.

"కూర్చోరా," అన్నాడు నాయన.

"నిలబడే ఉంటాలే పెదనాయనా. కూర్చుంటే నొప్పి."

నాయన వాడి పాదాల వంకే చూస్తూ ఉండిపోయాడు. వాడు వెళ్లాక నన్ను పిలిచాడు.

"ఏమ్మే, నేను పడిన పొద్దు మీరంతా భయపడి నిలబడిపోతే, 'లేపండ్రా' అని అరిచింది నేనే. గుర్తుండాదా?"

నాకు గుర్తు లేదు. ఇన్నేళ్లూ నాకు గుర్తున్నది నా చేతుల్లో ఆయన కాళ్ల బరువు ఒక్కటే.