దిబ్బ కొట్టి వేసిన వీధి

మింజూరుకు తూర్పున, సముద్రం అంచున ఉండేది మా ఊరు. దొరల కాలం అది. ఊరికీ సముద్రానికీ నడుమ తాటిచెట్టంత ఇసుక దిబ్బ, దాని నిండా మొగలి పొదలు. దిబ్బకు ఈవల చివరి ఇల్లు మాది. మా అక్కకు చిన్నప్పుడే జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. పగలంతా వీధి తిన్నె మీదే కూర్చునేది. సముద్రం హోరు వింటూ పెరిగింది గానీ, కంటితో చూసింది లేదు.

ఊరు పెరిగిందని కొత్త వీధి, ఇళ్ల స్థలాలు గీయడానికి ఓవర్సీరు కొలత గొలుసు పట్టుకుని వచ్చాడు. ఆయన పటంలో వీధి మా ఇంటి దాకా వచ్చి, దక్షిణానికి తిరిగి, దిబ్బను చుట్టుకుని సముద్రం చేరింది. దిబ్బ జోలికి పోవద్దు, మీకు గోడ అదే అని తమిళంలో ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

మా ఊరి పెద్దలు వింటేగా! మాఘంలో వచ్చే మాసి మకం పండగ నాడు మా స్వామిని పల్లకిలో సముద్ర స్నానానికి తీసుకుపోతాం. అన్నేళ్లూ కాలిబాటన దిబ్బ చుట్టూ పోయేవాళ్లు. వీధే వేస్తున్నప్పుడు ఇంకా వంకర ఎందుకని పట్టుబట్టారు.

"సామి దొంగ మాదిరి నక్కి నక్కి పోవల్నా? గుడి వాకిట్లో నిలబడితే సముద్రం కనపడాల!" అన్నాడు మా పెదనాయన.

తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. స్వామి అడిగాడా? అందరికంటే గట్టిగా అరిచింది మా నాయనే. తిన్నె మీద కూర్చుని అక్క సముద్రం చూడాలి, ఆయనకు కావలసింది అంతే. పెదనాయన ఇంట్లో ఉండే మా అవ్వ ఒక్కతే నెత్తీ నోరూ కొట్టుకుంది.

"దిబ్బ కొట్టొద్దురా! నీళ్లకు నువ్వే తోవ సూపిస్తుండావు."

ఎవరూ చెవిన పెట్టలేదు. ఓవర్సీరు విసిగిపోయి, మీ ఇష్టం అని పటం దిద్దాడు. దిబ్బకు సందు కొట్టి వీధిని నేరుగా సముద్రం దాకా వేశారు.

ఆ మాసికి అక్క సముద్రం చూసింది. "అబ్బా, ఎంత పెద్దదిగా ఉండాదే!" అని నా చెయ్యి నలిపేసింది. నాయన పక్కకు తిరిగి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అంత సంతోషం మా ఇంట్లో మళ్లీ చూడలేదు.

ఐప్పసి నెల వానల్లో తుఫాను పట్టింది. ముందురోజు మింజూరుకు పోయిన నాయన, ఏరు పొంగి అక్కడే చిక్కుకుపోయాడు. పొద్దున అమ్మ సంగటి గెలుకుతుంటే వీధిలో కేకలు. తలుపు తీసేలోగా ఉప్పునీళ్లు దిబ్బ సందులోంచి ఉరికి, వీధి వెంట నేరుగా మా ఇంట్లోకి వచ్చేశాయి. చూస్తుండగానే అమ్మకు నడుము దాకా వచ్చాయి.

"చెల్లిని ముందు అటక ఎక్కించుమ్మా. నేను మంచం పట్టుకొనుంటా" అంది అక్క.

అమ్మ నన్ను పైకి తోసి తిరిగేసరికి మంచమూ లేదు, అక్కా లేదు. వెనకగోడ కూలి, నీళ్లు ఆ దారిన పోతున్నాయి. అయ్యో, అమ్మ ఎంతసేపు అరిచిందో! నీళ్లు తీశాక పొలం గట్టు కంపల్లో అక్క దొరికింది. దిబ్బ చాటున ఉన్న ఇళ్లలో నీళ్లు మోకాలు దాటి రాలేదు.

నాయన వచ్చి ఏడవను కూడా లేదు. కర్మలు కాగానే పార తీసుకుని సందు పూడ్చడం మొదలుపెట్టాడు. మొగలి పిలకలు నాటాడు. కొందరు తమ పారలతో వచ్చి సాయం పట్టారు.

మాసి వచ్చింది. పెదనాయన పెద్దలను వెంటబెట్టుకుని వచ్చి, ఈ ఒక్కనాటికి సందు తెరవమన్నాడు. పోయిన ఏడు నేరుగా పోయిన స్వామిని మళ్లీ చుట్టూ తిప్పితే ఊరికి కీడట!

నాయన ఆ ఇసుకలోనే అడ్డంగా కూర్చున్నాడు.

"సామిని మోసేదానికి ఊరంతా ఉండాది గదన్నా, సుట్టూ పోతాడు. నా బిడ్డను మోసేదానికి ఆ పొద్దు నేను లేకపోతిని."

పెదనాయన తల వంచుకుని వెళ్లిపోయాడు. పల్లకి చుట్టూనే పోయింది. మేళం మా ఇంటి ముందుకు వచ్చినప్పుడు అమ్మ తలుపు తీయలేదు.