తిట్ల కోసం ఎదురుచూసిన మామయ్య

సరుకు బాగా అమ్ముడైందంటే మా మామయ్య నమ్మడు. కొన్నవాళ్ళు ఫోన్ చేసి తిట్టాలి. అప్పుడుగానీ ఆయన ప్రాణం కుదుటపడదు.

"పనికిరాని వస్తువుని ఎవడూ తిట్టడురా, అటకమీద పడేస్తాడు. తిట్టేది వాడేవాడే," అంటాడు. ఒకసారి ఓ పెద్దమనిషి మా బొమ్మల దుకాణానికొచ్చి రిమోట్ కారును బల్లమీద విసిరికొట్టాడు. మామయ్య ఆయనకు కుర్చీ వేసి, టీ తెప్పించి, "ఇంకా?" అని ఆశగా అడిగాడు. పాపం, ఆయన భయపడి వెళ్ళిపోయాడు.

అలాంటి మనిషి చేతికి అమ్మకానికి ఓ గేమ్ యంత్రం వచ్చింది. అరచేతిలో పట్టుకుని ఆడుకునేది. వీధి చివర చిన్న వర్క్‌షాపులో ఒక ఇంజనీరమ్మాయి సొంతంగా తయారుచేసింది. ఆమె మొదట చేసిన యంత్రం బోల్తాకొట్టింది. ఇదీ పోతే వర్క్‌షాపు మూసేయాల్సిందే. రెండో విడత చేయాలో వద్దో మామయ్య శుక్రవారం చెబుతానన్నాడు.

పెట్టెలన్నీ అమ్మకానికి పెట్టిన రోజే అయిపోయాయి. నేను ఎగిరి గంతేశాను.

"పెట్టె మీద బొమ్మ బాగుంది, కొన్నారు. ఫోనేదిరా?" అన్నాడు మామయ్య.

ఫోన్ మోగలేదు. కాలుగాలిన పిల్లిలా దుకాణమంతా తిరిగాడు. ఆయనకు అన్నం సహించలేదు.

"తిట్లే కావాలంటే నేను లేనూ?" అంది అత్తయ్య.

"నీవి లెక్కలోకి రావు. నువ్వు ఏ వస్తువూ వాడకుండానే తిడతావు."

గురువారం ఇక ఆగలేక, బిల్లుల్లో నంబర్లు వెతికి తనే ఫోన్లు చేశాడు.

"తెర సరిగ్గా కనబడ్డం లేదు కదండీ?"

"బాగానే ఉందండీ."

"పోనీ, బటన్లు?"

"చక్కగా ఉన్నాయి."

"ఇప్పుడెక్కడుంది?"

"బీరువాలో."

మామయ్య ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆ పిల్లకు ఏమని చెప్పాలో తెలియక తల పట్టుకున్నాడు. నాకూ దిగులేసింది.

శుక్రవారం ఆ అమ్మాయి చెప్పిన వేళకన్నా ముందే వచ్చింది. "నిజం చెప్పండి బాబాయ్, పోయిందా?" అంది. మామయ్య నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది.

"ఏం మనిషివయ్యా!" అవతలి గొంతు మాకందరికీ వినబడింది. "నొక్కీ నొక్కీ బొటనవేలు వాచిపోయింది! ఇప్పుడు సెల్లులు కూడా అయిపోయాయి!"

మామయ్య లేచి నిలబడ్డాడు. "ఎంతసేపు ఆడారేంటండీ?"

"ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఆడాను!"

"తిట్టండి బాబూ, మొహమాటపడకండి!"

అది పెట్టేయగానే ఇంకొకటి. పిలిస్తే పలకని మొగుడి మీద ఓ ఇల్లాలి గోల. ఆ వెనకే మరొకటి.

"గెలిచావమ్మా! రెండో విడత మొదలుపెట్టు!" అని అరిచాడు మామయ్య.

అమ్మాయి మాత్రం తేలిగ్గా నమ్మలేదు. "సెల్లుల మూత లోపల నా నంబరే కదా వేయించాను? నాకు ఒక్క ఫోనూ రాలేదేం?"

మామయ్య పైకప్పు కేసి చూశాడు. ఆమె అద్దాల అరలో చూపడానికి ఉంచిన యంత్రం తీసి మూత ఊడదీసింది. ఆమె నంబరు మీద చిన్న కాగితం అతికించి ఉంది. దానిమీద మామయ్య చేతిరాతతో మామయ్య నంబరు. సెల్లులు ముందే వేసి ఇచ్చిన యంత్రం, మూత తీసేది అవి అయిపోయాకే కదా, ఆ సంగతి అంటించేటప్పుడు ఆయనకు తట్టలేదు. అందుకే ఇన్నాళ్ళూ ఫోన్ మోగలేదు.

"నీ మొదటి యంత్రానికొచ్చిన తిట్లన్నీ వినీ వినీ నువ్వు మంచమెక్కావటగా," అంది అత్తయ్య. "అందుకే పెట్టెలు రాగానే గదిలో తలుపేసుకుని అన్నిటికీ అంటించారు."

"అదేం లేదమ్మా, తిట్లంటే నాకు సరదా," అని గొణిగాడు మామయ్య.

అమ్మాయి కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. "సరదా అయితే సరే బాబాయ్. రెండో విడతకి మీ నంబరే అచ్చు వేయించేస్తాను."

అంతలో మళ్ళీ ఫోన్. ఈసారి అత్తయ్య ఎత్తింది.

"మా ఆయన్ని తిట్టడానికేనా? కాస్త ఆగండి, వరసలో నేను ముందున్నాను."