పళ్లాల అలమర

పాతకాలపు వంటిల్లే కావాలని ముచ్చటపడి కట్టించుకున్నవాళ్లు పెరటి తలుపునెందుకు మూయించారో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ ఇంటి వంటామె స్టవ్ ఆపగానే ఆ గడపమీద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ పక్కింటి వంటామెతో కబుర్లాడేది. ఇప్పుడక్కడ గోడకు బిగించిన పళ్లాల అలమర. దానికి పాత తలుపులాంటి చెక్క రెక్కలు, ఇత్తడి గడియ. "అచ్చం మా అమ్మమ్మ వంటిల్లే!" అంటూ ఇంటావిడ చుట్టాలకు చూపిస్తుండగా, గోడవతల నుంచి పిలుపు వినిపించింది. "వదినా, పనైందా?"

"వస్తున్నా!" అంటూ వంటామె అలవాటుగా గడియ తీసింది. ఎదురుగా పింగాణీ పళ్లాలు. చుట్టాలు ఘొల్లున నవ్వారు.

"ఊపిరాడక తీశానమ్మా."

"అంత పెద్ద చిమ్నీ పెట్టించాంగా!" అంది ఇంటావిడ.

వంటామె అలమర రెక్కలు మెల్లగా మూసి, గరిటె కడిగి బోర్లించి, హాల్లో అందరి మధ్యనుంచీ నడిచి, వెళ్లొస్తానని కూడా అనకుండా వీధి తలుపు దాటింది.