నాయన మాదిరి కాదంట

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ముత్యాలప్పకు ఇరవై రెండేళ్లకే నడినెత్తి కనపడింది. మీసం గట్టిపడేలోపు తల పలచబడిపోయింది. పెళ్లిచూపులకు రుమాలు చుట్టుకుని పొమ్మని పెద్దలు చెబితే ఆయన వినలేదు. ఉన్న తలతోనే పోయాడు. రెండు ఇళ్లల్లో కాదన్నారు. తర్వాతి ఇంట్లో జ్యోతిలక్ష్మి మాత్రం ఆయన్ను నేరుగా చూసి, "నాకు ఇష్టమే" అంది.

ఇప్పుడాయనకు యాభై దగ్గర పడుతోంది. తల గురించి ఎవరేమన్నా నవ్వి ఊరుకునే మనిషి. వీధిలో ఆయన గొంతు పెద్దగా విన్నవాళ్లు లేరు. అలాంటివాడికి కోపమొచ్చి నెలల తరబడి తగ్గకపోవడానికి కారణం కొడుకు ఓబిలేష్.

ఓబిలేష్ డిగ్రీ అయ్యాక తండ్రి పక్కన రెండో మగ్గం మీద కూర్చున్నాడు. ఒకరోజు ఫోనులో పదో తరగతి నాటి ఫోటో కంటపడింది. అప్పుడు నుదుటి మీదికి గుండ్రంగా దిగి ఉన్న వెంట్రుకల అంచు ఇప్పుడు పైకి జరిగింది. రెండు కణతల దగ్గరా కొంచెం లోపలికి పోయింది. ఆ రోజు నుంచి అద్దం వదల్లేదు. దువ్వెనకు వచ్చిన ప్రతి వెంట్రుకనూ వెలుతురుకు పట్టి చూసేవాడు. జుట్టంతా ముందుకు దువ్వి నుదురు కప్పుకునేవాడు. స్నేహితుల పెళ్లిళ్లకు పోవడం మానేశాడు.

ఒక పొద్దున మగ్గం మీద కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు: "ఇల్లిస్తివి, పని నేర్పిస్తివి. ఈ తల ఎందుకిస్తివి నాయనా?"

ముత్యాలప్ప చేతిలో పేక పోగు నడిపే నాడె ఆగింది. కాసేపటికి మళ్లీ నేత మొదలుపెట్టాడు.

ఆ వారమే ఓబిలేష్ బజారులో మేడ మీదున్న ఒక జుట్టు క్లినిక్కుకు పోయాడు. తెల్లకోటు వేసుకున్న మనిషి తల మీద చిన్న కెమెరా పెట్టి, తెర మీద వెంట్రుకలను తాళ్లంత లావున చూపించాడు.

"మీ నాయనకు బట్టతలా?"

"అవున్సార్."

"ఇంగ చెప్పేదేముంది? రెండేండ్లల్లో నీదీ అంతే."

అని, పేరైనా లేని సీసాలు చేతిలో పెట్టాడు. ఆ మందు రాసిన కొన్నాళ్లకే నుదురంతా ఎర్రబడి పొక్కింది. పక్కులు కట్టి, రసి కారి, తల దిండుకు అంటుకుపోయేది. అయినా కుర్రవాడు రాయడం ఆపలేదు. మంటపుడితేనే మందు పనిచేస్తున్నట్టని క్లినిక్కులో చెప్పారట.

ముత్యాలప్ప ఆ దిండు చూశాడు. సీసాలన్నీ సంచిలో వేసుకుని, కొడుకును వెంటబెట్టుకుని ఆ మేడ ఎక్కాడు.

"నువ్వు డాక్టరువా? ఏం చదివినావో చెప్పు!"

కోటు మనిషి బెదరలేదు. "పెద్దాయనా, మీ తల చూస్తేనే మీవాడి గతి తెలుస్తాంది కదా" అన్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు కిసుక్కున నవ్వారు.

ముత్యాలప్ప ఒక సీసా మూత తీసి బల్ల మీద గుమ్మరించాడు. "ముందు నీ నెత్తికి పూసుకోరా. పొక్కకపోతే అప్పుడు మావాడికి పూద్దువు." బెంచీ వైపు తిరిగి కొడుకు నుదురు చూపించాడు. "ఇది సూడండప్పా. సూసి నవ్వండి." ఎవరూ నవ్వలేదు. ఒకతను చెప్పులు వేసుకుని దిగిపోయాడు.

మరునాడు ఇద్దరూ అనంతపురంలో ఆశ్రిత అనే చర్మం డాక్టరు దగ్గరికి పోయారు. ఆమె ముందు పుండ్లకు మందు రాసిచ్చింది. తర్వాత నుదుటి దగ్గరా, నడినెత్తి మీదా, వెనకాలా పాయలు తీసి భూతద్దంతో చూసింది. కనుబొమలు పైకెత్తమంది. నుదుటి మీద ముడతలు పడ్డాయి. పై ముడతకూ వెంట్రుకల అంచుకూ మధ్య తన వేలు అడ్డంగా ఆనించింది. సరిగ్గా ఒక వేలి వెడల్పే ఉంది. పదో తరగతి ఫోటో కూడా అడిగి చూసింది.

"చిన్నప్పటి అంచు ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఇంతమాత్రం పైకి పోవడం చాలామంది మగవాళ్లకు మామూలే. ముఖం పెద్దవాడిదవుతుంది, అంతే. తర్వాత అక్కడే ఆగుతుంది. బట్టతలైతే ఆగదు. అంచు వెంట్రుకలు సన్నబడి నూగులా అవుతాయి. కణతల దగ్గర లోతుగా తినేస్తుంది, నడినెత్తి కూడా పలచబడుతుంది. నీకు అంచు దాకా వెంట్రుక మందంగానే ఉంది, రెండు పక్కలా సమానంగా ఉంది."

"మరి మా నాయనకు..."

"తండ్రికి ఉంటే నీకు వచ్చే అవకాశం ఎక్కువే. వచ్చి తీరాలని లేదు. రాదని మాటా ఇవ్వలేను. ఈరోజొక ఫోటో తీసుకో. ఏడాది తర్వాత అదే వెలుతురులో ఇంకొకటి తీసుకో. తేడా ఉంటే రా, మందులున్నాయి. రోజూ అద్దం చూసుకుంటే ఏమీ తేలదు."

బయటికి వచ్చీ రాగానే ఓబిలేష్ తల్లికి ఫోను చేశాడు. సంతోషం ఆపుకోలేకపోతున్నాడు. "అమ్మా, దేవుడు కాపాడినాడు! నాయన మాదిరి కాదంట!"

మందుల కవరు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు ముత్యాలప్ప.

"ఫోను పెట్టు" అన్నాడు. "ఏమంటివి? దేవుడు కాపాడినాడా? దేన్నించిరా?"

"అట్ల కాదు నాయనా..."

"నా మాదిరి అయింటే సచ్చిపోయేటోనివా? ఈ నెత్తి పట్టుకునే కదరా నా భుజాల మీద కూసుని ఊరంతా తిరిగింది? అప్పుడు పట్టుకునేకి వెంట్రుకలు లేవని ఏడ్చలేదే! ఆ కోటోడు అన్నాడంటే వాడెవడో. నువ్వు నా కొడుకువి. నీ నోట్లోనుంచి వస్తదా ఆ మాట?"

రోడ్డు మీద జనం ఆగి చూశారు. ఆయన ఖాతరు చేయలేదు. మందుల కవరు కొడుకు చేతిలో కుక్కి, వచ్చిన బస్సు ఒక్కడే ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు ఆగిపోయాయి. మగ్గానికి పడుగు పోగులు సాగదీయడానికి ఇద్దరు కావాలి. ఆయన కొడుకును పిలవలేదు, పక్కింటి వీరేష్‌ను పిలిచాడు. ఓబిలేష్ గడప దగ్గర నిలబడి, "తప్పయింది నాయనా" అంటే, "అయింది" అని ఆయన లోపలికి పోయాడు. కొడుకు తల్లి చేత చెప్పించాలని చూశాడు.

"నేను మద్దెన రాను" అంది జ్యోతిలక్ష్మి. "ఆయప్ప కోపం న్యాయమే."

పుండ్లు మానాయి. జుట్టు మళ్లీ వెనక్కి దువ్వడం మొదలుపెట్టాడు ఓబిలేష్. తండ్రి మనసు మాత్రం మెత్తబడలేదు.

కొత్తచెరువు ఊళ్లో జ్యోతిలక్ష్మి తమ్ముడు లక్ష్మీపతి కొత్త ఇంట్లో చేరుతుంటే ముగ్గురూ వెళ్లారు. భోజనాల వేళ లక్ష్మీపతి వరండాలో బల్బు చూపిస్తూ, "మా బావను ఈడ కూసోబెడితే కరెంటే వద్దప్పా!" అన్నాడు. పంక్తి అంతా నవ్వింది. ముత్యాలప్ప కూడా అలవాటుగా పెదవులు కదిపాడు.

ఓబిలేష్ విస్తరి ముందు నుంచి లేచాడు.

"ఇంగ సాలు మామా."

"ఏమిరా, తమాషాకు అంటే..."

"నీకు తమాషా. నేను పుట్టినప్పట్నుంచి ఇదే మాట ఇంటాండా. మా నాయన నవ్వుతాడని ఆయనకు బాగుందనుకుంటివా? ఇంగోసారి అంటే నీ గడప తొక్కం."

వడ్డించేవాళ్లు ఆగిపోయారు. లక్ష్మీపతి ముఖం నల్లబడింది. అక్క వైపు చూశాడు, కొడుకును మందలిస్తుందేమోనని. జ్యోతిలక్ష్మి విస్తరి మడిచింది. "వాడు చెప్పింది ఇనపడిందా?" అంది తమ్ముడితో.

తిరుగు బస్సులో జ్యోతిలక్ష్మి ముందు ఆడవాళ్ల వైపు కూర్చుంది, తండ్రీ కొడుకులకు పక్కపక్కనే చోటు దొరికింది. ముత్యాలప్ప కిటికీలోంచి ఎండిన శెనక్కాయ చేలను చూస్తూ కూర్చున్నాడు.

"అంతమందిలో మామను అట్లంటావా?"

"అంటా."

"నేను అనాల్సింది." ముత్యాలప్ప కిటికీ వైపు నుంచి తల తిప్పాడు. "యాభై ఏండ్లు వస్తాండాయి. ఒక్కరోజు గూడా అనకపోతిని. నవ్వుతా కూసుంటిని, ఎర్రి నాయాల మాదిరి."

ఓబిలేష్ తండ్రి వైపు జరిగి కూర్చున్నాడు.

"నీ మీద కోపం గూడా పోలేదు, తెలుసా? ఆ పొద్దు అన్న మాట ఇంగా ఈడనే ఉండాది" అని గుండె మీద చెయ్యి పెట్టి చూపించాడు.

"ఉండనీ నాయనా. అన్నది నేనే కదా."

ధర్మవరంలో దిగేటప్పుడు ముత్యాలప్ప తన చేతిసంచి కొడుకు చేతికిచ్చాడు. ఇంటిదాకా కొడుకు పక్కనే నడిచాడు.