శుక్రవారం ఇవ్వని పేడ

మొన్న మదనపల్లెలో కంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే, గోడ మీది టీవీలో ఎవరో పెద్దమనిషి బొగ్గు గనుల్లో పని పోయేవాళ్లకు ప్రభుత్వం కొత్త పని నేర్పిస్తుందని చెబుతున్నాడు. పక్కాయన ఆ వయసులో ఏం నేర్చుకుంటారులే అని నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది, ఎందుకంటే నాకూ ఆ వయసులోనే నేర్పారు.

మన తరంవాళ్లకు పంపు స్టౌలు గుర్తుండే ఉంటాయి. పుంగనూరులో వాటిని బాగుచేసే కొట్టు నాది. తొంభైల చివర్లో ఇంటింటికీ గ్యాసు బండ వచ్చేసరికి కిరసనాయిలు వాసనతో పాటు నా పనీ పోయింది, ఇద్దరు పిల్లలతో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. అప్పుడే నాలాంటివాళ్లను ప్రభుత్వం కుప్పానికి పిలిపించి, తిండి పెట్టి, గోబర్ గ్యాసు తొట్టి కట్టడం నేర్పింది. అయితే ఒక మెలిక ఉంది. మొదటి తొట్టి కట్టి, చెప్పిన రోజుకు పేడనీళ్లతో నింపి చూపిస్తేనే తర్వాతి పనులు ఇస్తారు, లేకపోతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది.

నా మొదటి తొట్టి రామసముద్రం వైపు ఒక పల్లెలో, మా మేనత్త ఇంట్లో. ఆఫీసరు వచ్చేది శుక్రవారం సాయంత్రం. రోజుల తరబడి కుప్పేసిన పేడలో సగం గురువారం వానకు కొట్టుకుపోయింది, తెల్లారి చూస్తే ఇంకా పది తట్టలు తక్కువ.

తట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఏ ఇంట్లోనూ ఇవ్వలేదు. "శుక్రవారం పూట పేడ గడప దాటితే లచ్చిమి పోయినట్టే గదప్పా, రేపు రా" అని ఒకామె జాలిగానే చెప్పింది. రేపటికి నా బతుకు ఇంకొకరిదవుతుందని ఆమెకు ఎలా చెప్పను? కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువగా భయం వేసింది, ఏ మొహంతో ఇంటికి పోవాలో తెలియక అత్త వాకిట్లో కూలబడ్డాను.

అత్త కూడా పుట్టి బుద్ధెరిగి శుక్రవారం ఎవరికీ పిడికెడు పేడ ఇచ్చిన మనిషి కాదు. అందుకే కాబోలు దారి ఆమెకే తట్టింది. పొలానికి ఎరువు కోసం గొర్రెల మందను రాత్రిళ్లు చేలో నిలపడం మా వైపు అలవాటే గదా. అదే మాట పట్టుకుని వీధిలోకి పోయి గట్టిగా కేకేసింది. "మీరేం ఇయ్యొద్దండమ్మా. మీ ఆవుల్ని నా కళ్లంలో కట్టేయండి, మేత నేనేస్తా. నా కళ్లంలో పడిండేది నాది గదా!"

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఒక ఆవు వచ్చింది, తర్వాత ఎద్దుల జత, మధ్యాహ్నానికల్లా కళ్లం నిండిపోయింది. తట్టతో తోకల వెనక నిలబడి, ఎప్పుడు లేస్తాయా అని నేను కాచుకున్న కాపు దేవుడి కోసం కూడా ఎన్నడూ కాచుకోలేదు. పొద్దు వాలుతోంది, తొట్టి ఇంకా జానెడు వెలితి. ఆఖరి తట్ట కలుపుతుండగానే ఆఫీసరు జీపు వచ్చి ఆగింది. ఆయన లోపలికి కర్ర పెట్టి చూసి, నా పేరు రాసుకున్నాడు.

తర్వాత చాలా ఏళ్లు పెద్దపంజాణి, గంగవరం పల్లెల్లో తొట్లు కట్టి, ఆ డబ్బుతోనే పిల్లల్ని చదివించుకున్నాను. ఇప్పుడు అత్త లేదు. ఆ వీధిలో పశువులూ లేవు, పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. వెళ్తే అందరూ ఆప్యాయంగా కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. నాకు మాత్రం ఎవరైనా గడపలో అడ్డంగా నిలబడి, ఈ రోజు శుక్రవారం, పేడ ఇవ్వము పొమ్మంటే బాగుండుననిపిస్తుంది.