కుట్టు అక్క నోరు విప్పాక

పేటలో అందరికీ ఆమె కుట్టు అక్క. రెడీమేడ్ బట్టల కంపెనీలో పదకొండేళ్లు మిషను తొక్కింది. అక్కడ మంటలు లేచిన రోజు కిటికీలోంచి దూకి బయటపడింది. పక్క మిషను మీద కుట్టే వదిన, సొంత అన్నయ్య భార్య, బయటికి రాలేదు.

ఆ తర్వాత మిషను జోలికి పోలేదు. పేటలోని క్లినిక్‌లో ఆరోగ్య కార్యకర్తగా చేరింది. ఘోరాలు చూసి మనసు చితికిపోయినవాళ్లకు పేటలోవాళ్లే చికిత్స చేసేలా పన్నెండు మందికి శిక్షణ ఇస్తానని అక్కడి డాక్టరమ్మ అన్నప్పుడు, అందరూ కుట్టు అక్క వైపు చూశారు. కాదనలేక చేరింది.

ఊపిరి నిదానంగా తీయించడం, భయపెట్టే జ్ఞాపకాన్ని వరసగా చెప్పించడం ఆమెకు ఇట్టే పట్టుబడ్డాయి. ఏడో వారం అభ్యాసంలో పాత్రలు మారాయి. తనతోపాటు శిక్షణలో ఉన్న రిటైరైన టీచరుగారు వినాలి, ఆమె చెప్పాలి.

"చిన్నదే ఏదైనా ఎంచుకోండి," అంది డాక్టరమ్మ.

సైకిల్ మీంచి పడ్డ సంగతి చెబుదామనుకుని కళ్లు మూసుకుంది.

"పొగ... వదిన నా చెయ్యి పట్టుకుంది. వదలట్లేదు. నేనే విదిలించుకున్నాను టీచరుగారూ."

ఆ మాట అంతవరకు ఏ చెవినా పడలేదు. టీచరుగారు నోట్సు పుస్తకం మూసేసి నీళ్ల గ్లాసు జరిపారు.

"ఇక్కడి మాట ఇక్కడే ఉంటుందమ్మా."

డాక్టరమ్మ ఆమెను విడిగా కొన్నాళ్లు కూర్చోబెట్టింది. నిద్రలో ఉలికిపాటు తగ్గింది. శిక్షణ పూర్తయింది. ఆమె దగ్గరికి వచ్చినవాళ్లలో తొమ్మిది మంది తేరుకున్నారు కూడా.

అంతలో అన్నయ్య వచ్చాడు.

"నాకూ కంటి మీద కునుకు లేదే. నీ దగ్గరే కూర్చుంటా. మీ వదినని కాపాడాలని నువ్వెంత కొట్టుకున్నావో నాకు తెలీదా?"

ఆమె చూపు రిజిస్టరు మీదికి తిప్పుకుంది.

"సొంతవాళ్లకి చేయకూడదు అన్నయ్యా. రూలు."

ఖాళీగా ఉన్నది టీచరుగారొక్కరే. అన్నయ్య కంటే ముందే కుట్టు అక్క వెళ్లి ఆవిడ ఎదుట నిలబడింది.

"నేను వింటానంతే," అన్నారావిడ. "ఆ సంగతి అన్నయ్యకి చెప్పినా దాచినా నీ ఇష్టం."

తలుపు మూశారు. కుట్టు అక్క వరండా బల్ల మీద కూర్చుంది. లోపలినుంచి అన్నయ్య ఏడుపు వినిపించింది. రెండుసార్లు గేటు దాకా వెళ్లి, తిరిగొచ్చి అక్కడే కూర్చుంది.

గంట తర్వాత అతను ముఖం తుడుచుకుంటూ వచ్చాడు.

"టీచరుగారు భలే ఓపికున్న మనిషే. నీ గురించి అంతా చెప్పాను. పది వారాలు రమ్మన్నారు."

"రా అన్నయ్యా," అంది. ఇంకేదో అనబోయింది. అప్పటికే అతను మెట్లు దిగుతున్నాడు.

ఇప్పటికి నాలుగు వారాలయింది. చెయ్యి విదిలించుకున్న సంగతి అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. అతను వచ్చే రోజున సెలవు పెట్టాలనుకుంటుంది, పెట్టదు.